చిట్టెలుకలో పెద్దపేగు క్యాన్సర్ నమూనా: సీకం గోడలో కణాలు నాటే శస్త్రచికిత్స ఎలా చేయాలి

పెద్దపేగు క్యాన్సర్ మీద పనిచేసే ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే పద్ధతి, చిట్టెలుక డొక్క పక్కన చర్మం కింద క్యాన్సర్ కణాలను ఎక్కించి కణితిని పెంచడం. ఆ పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది, కణితిని కాలిపర్‌తో కొలవడమూ సులువే. అయితే అలా పెరిగిన కణితి చుట్టూ పేగు గోడ ఉండదు, పేగులోని సూక్ష్మజీవులు ఉండవు, పేగు రక్తాన్ని నేరుగా కాలేయానికి చేర్చే పోర్టల్ సిరతో దానికి సంబంధం ఉండదు. అందుకే అది కాలేయానికి పాకడం చాలా అరుదు. రోగుల్లో ఈ జబ్బు ఎక్కువగా పాకేది కాలేయానికే కనుక, మీ పరిశోధన వ్యాప్తి గురించి గానీ, కణితి చుట్టూ ఉండే కణజాలం గురించి గానీ అయితే, కణాలను చర్మం కింద కాకుండా పేగు గోడలోనే నాటాలి. దీన్ని ఆర్థోటోపిక్ నమూనా అంటారు.

పేగులో కణితి పుట్టించడానికి కత్తి పట్టనవసరం లేని దారులు కూడా ఉన్నాయి. 1990లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన మిన్ ఎలుకకు కణితులు రాకుండా అడ్డుకునే ఏపీసీ అనే జన్యువులో లోపం ఉంటుంది కాబట్టి దానికి కణితులు వాటంతట అవే వస్తాయి. కానీ వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులో కాక చిన్నపేగులో వస్తాయి, వ్యాప్తి దశకు చేరేలోపే ఎలుక రక్తహీనతతో నీరసించిపోతుంది. క్యాన్సర్ పుట్టించే అజాక్సీమీథేన్ అనే రసాయనాన్ని ఇంజెక్షన్ చేసి, తాగే నీటిలో పేగును వాచేలా చేసే డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ కలిపి ఇచ్చే పద్ధతిలో కణితులు పెద్దపేగులోనే వస్తాయి గానీ నెలలు పడుతుంది, అవి ఇతర అవయవాలకు పాకడం అరుదు. నిర్ణీత సమయంలో, నిర్ణీత స్థలంలో, పాకే గుణమున్న కణితి కావాలనుకున్నప్పుడే శస్త్రచికిత్స మార్గం ఎంచుకోవాలి. ఆ మార్గాల్లో నేను ఎక్కువగా చేసినదీ, కొత్తవారికి ఎక్కువగా నేర్పినదీ సీకం గోడలోకి ఇంజెక్షన్. చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట సంచిలా ఉండే భాగమే సీకం. చిట్టెలుకకు ఇది శరీరాన్ని బట్టి చూస్తే బాగా పెద్దది, తేలిగ్గా బయటికి వస్తుంది, మలం సాగిపోయే దారికి ఒక పక్కగా ఉంటుంది కనుక అక్కడ కణితి పెరిగినా పేగు తొందరగా మూసుకుపోదు.

అనుమతి, ఎలుకలు, కణాలు

మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1998 నాటి నిబంధనల ప్రకారం సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా ముట్టుకోకూడదు. ఆ కమిటీలు పూర్వం సీపీసీఎస్‌ఈఏ, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ అని పిలిచే, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ కింద పనిచేస్తాయి. దరఖాస్తులో ఎలుకల సంఖ్యకు గణాంకపరమైన లెక్క, నొప్పి మందు వివరం, ఏ లక్షణం కనిపిస్తే ప్రయోగం ఆపి ఎలుకకు నొప్పి లేని మరణం ఇస్తారన్న వివరం స్పష్టంగా రాయాలి. ఈ చివరి అంశాన్ని కొందరు లాంఛనంగా రెండు ముక్కల్లో ముగిస్తారు. మూడు వారాల తరువాత ఒక సాయంత్రం వంగి కూర్చున్న ఎలుకను చూసి ఏం చేయాలో తేల్చుకోవలసి వచ్చినప్పుడు మీకు ఆధారం ఆ పేరానే, కాబట్టి దాన్ని శ్రద్ధగా రాయండి. కెటమిన్, బ్యూప్రెనార్ఫిన్ వంటి మందులు మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోకి వస్తాయి కనుక వాటి కొనుగోలుకూ నిల్వకూ పట్టే సమయాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

కణాలకూ ఎలుకకూ జోడీ కుదరాలి. సీటీ26 కణాలు బాల్బ్-సీ ఎలుకల నుంచి, ఎంసీ38 కణాలు సీ57 బ్లాక్-6 ఎలుకల నుంచి వచ్చినవి. వాటిని అదే జాతి ఎలుకల్లో నాటితే రోగనిరోధక వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి ఇమ్యునోథెరపీ ప్రశ్నలకు ఇవే తగినవి. హెచ్‌సీటీ116, హెచ్‌టీ29 వంటి మనిషి కణాలకు, వాటిని తిప్పికొట్టే రోగనిరోధక శక్తి లోపించిన న్యూడ్ ఎలుకలు గానీ ఎన్‌ఎస్‌జీ ఎలుకలు గానీ కావాలి. 8 నుంచి 10 వారాల వయసు, 20 నుంచి 25 గ్రాముల బరువు ఉన్నవాటిని తీసుకుని, జంతుశాలకు వచ్చాక కనీసం ఒక వారం కుదురుకోనివ్వాలి. హైదరాబాద్‌లో ఉన్నవారు ఎలుకల కోసం దూరం వెళ్ళనక్కర లేదు. జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలపాటు దేశమంతటికీ ప్రయోగశాల జంతువులను అందించింది, జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి జంతు వనరుల కేంద్రం కూడా ఉంది.

ముందు చేతికి తర్ఫీదు

బతికున్న ఎలుక మీద తొలి ఇంజెక్షన్ చేయకండి. ఇతర ప్రయోగాలు ముగిసి అప్పుడే చనిపోయిన ఎలుకలను జంతుశాల వారిని అడిగి తీసుకుని, కణాలకు బదులు ట్రిపాన్ బ్లూ రంగు ద్రవంతో సాధన చేయండి. రంగు అబద్ధం చెప్పదు. సూది తీసిన చోట నీలం చుక్క ఊరిందంటే కారిందని అర్థం, సంచి లోపలి మలం నీలంగా మారిందంటే సూది గోడ దాటి పోయిందని అర్థం. వరుసగా పది ఎలుకల్లో నీలం ఎక్కడా కనిపించని రోజున బతికున్న ఎలుక దగ్గరికి వెళ్ళండి.

ఇంత పట్టు ఎందుకంటే, నా తొలి బ్యాచ్‌లో జరిగింది చెప్పాలి. నాలుగో వారంలో పొట్టలు తెరిస్తే డయాఫ్రం మీద, పేగు మడతల మీద, కుట్టు వేసిన గీత వెంట తెల్లని బుడిపెలు కనిపించాయి. వ్యాప్తి అద్భుతంగా జరిగిందని సంబరపడి స్లైడ్లు పట్టుకుని పాథాలజీ విభాగంలోని పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన అన్నీ చూసి, "ఇన్ని చోట్ల ఉంది, మరి సీకం గోడలో ఏదమ్మా?" అని అడిగారు. గోడలో ఏమీ లేదు. నేను చూసినది వ్యాప్తి కాదు, సూది తీసినప్పుడు పొట్టలోకి కారిన కణాలు పడ్డ చోటల్లా మొలవడం. ఆ ఎలుకలన్నిటి బాధా వృథా అయింది. ఈ నమూనాలో మిగతా తప్పులు చాలావరకు సర్దుకుంటాయి గానీ కారిన చుక్క సర్దుకోదు. అది ఫలితంలా కనిపించి మోసం చేస్తుంది.

కణాలను సిద్ధం చేయడం

కణాలు ఫ్లాస్కులో 70 నుంచి 80 శాతం నిండినప్పుడు, అంటే ఇంకా చురుగ్గా పెరుగుతున్నప్పుడే తీయాలి. కణాల పెంపకంలో కంటికి కనిపించకుండా చేరే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా లేదని ముందే పరీక్ష చేయించి ఉండాలి. ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో విడదీసి, రెండుసార్లు కడిగి, గడ్డలు లేకుండా జల్లెడ పట్టి లెక్కపెట్టండి. బతికున్న కణాలు 90 శాతం కంటే తక్కువగా ఉంటే ఆ రోజు శస్త్రచికిత్స మానుకోవడం మంచిది. ఒక్కో ఎలుకకు 20 మైక్రోలీటర్లలో 5 లక్షల కణాలు ఎక్కించాలంటే మిల్లీలీటరుకు 2.5 కోట్ల కణాలు ఉండేలా కలుపుకోవాలి. ద్రవంలో సగం మేట్రిజెల్ అనే ప్రొటీన్ల జెల్ కలిపితే అది శరీరపు వేడికి గడ్డకట్టి కణాలను అక్కడే పట్టి ఉంచుతుంది. అదే కారణంగా దాన్ని చివరి క్షణం వరకు మంచు మీద ఉంచాలి, సిరంజినీ సూదినీ కూడా ముందే చల్లబరచాలి. లేకపోతే సూదిలోనే గడ్డకడుతుంది. కణాలు అడుగుకు దిగిపోతాయి కనుక ప్రతి ఎలుకకు ముందు గొట్టాన్ని మెల్లగా తిప్పి కలపాలి. ఇది చేయకపోతే మొదటి ఎలుకకూ పదో ఎలుకకూ అందే కణాల సంఖ్యలో పెద్ద తేడా వస్తుంది. తీసిన రెండు గంటల్లోపు అన్నీ ఎక్కించేలా ఎన్ని ఎలుకలకు చేయగలరో ముందే లెక్క వేసుకోండి.

మత్తు, నొప్పి మందు, వెచ్చదనం

ఎలుకలను ముందు రాత్రి పస్తు పెట్టకండి. చిట్టెలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు కనుక మనుషుల్లోలాగా తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న భయం అక్కరలేదు. పైగా రాత్రంతా తిండి లేకపోతే దాని ఒంట్లో చక్కెర పడిపోతుంది. కోతకు అరగంట ముందు బ్యూప్రెనార్ఫిన్ కిలో బరువుకు 0.05 నుంచి 0.1 మిల్లీగ్రాముల చొప్పున, మెలాక్సికామ్ 5 మిల్లీగ్రాముల చొప్పున చర్మం కింద ఇవ్వాలి. నొప్పి మొదలయ్యాక ఇచ్చే మందు కంటే ముందే ఇచ్చినది బాగా పనిచేస్తుంది. మత్తుకు ఐసోఫ్లూరేన్ మేలు. మొదట 3 నుంచి 4 శాతం, ఆపైన ముక్కు తొడుగు ద్వారా 1.5 నుంచి 2 శాతం, ఆక్సిజన్‌తో కలిపి ఇవ్వాలి. వెనుక పాదం వేళ్ళ మధ్య గట్టిగా గిల్లినా కాలు వెనక్కి లాక్కోకపోతేనే మత్తు చాలినట్లు. కళ్ళు మూసుకోవు కనుక ఎండిపోకుండా లేపనం రాయాలి.

చిట్టెలుక ఒళ్ళు చిన్నది, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, కాబట్టి మత్తులో ఉన్న కొద్ది నిమిషాలకే చల్లబడిపోతుంది. ఆపరేషన్ బాగా జరిగినా మరునాటికి ఎలుక చనిపోయిందంటే నేను ముందుగా అనుమానించేది ఈ చలినే. ఉష్ణోగ్రతను అదుపు చేసే వేడి పరుపు తప్పనిసరి. పొట్ట మీది వెంట్రుకలను వేరే బల్ల మీద తీసేసి, పోవిడోన్ అయోడిన్‌తో ఒకసారి, 70 శాతం ఆల్కహాల్‌తో ఒకసారి చొప్పున మూడు విడతలు తుడవాలి. తుడవడమే, తడిపేయకూడదు. తడిసిన ఒంటి నుంచి వేడి ఇంకా త్వరగా పోతుంది.

కోత, సీకాన్ని బయటికి తీయడం

పొట్ట మధ్య గీత వెంట బొడ్డుకు కాస్త దిగువన చర్మాన్ని సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర వరకు కోయండి. కింద కండరాల మధ్య తెల్లగా ఒక గీత కనిపిస్తుంది. దాన్ని శ్రావణంతో పైకి లేపి పట్టుకుని కోస్తే రక్తం దాదాపు రాదు, కింద ఉన్న పేగుకు దెబ్బ తగలదు. 25 గ్రాముల ఎలుక ఒంట్లో మొత్తం రక్తం రెండు మిల్లీలీటర్ల లోపే ఉంటుంది కనుక రెండు దూది పుల్లలు నిండా తడిసేంత రక్తం పోయినా అది చిన్న విషయం కాదు.

కోత చుట్టూ వెచ్చని సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ పరవండి. సీకం కామా ఆకారంలో, లోపలి మలం వల్ల ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో కనిపిస్తుంది. దాన్ని పళ్ళున్న శ్రావణంతో ఎప్పుడూ పట్టుకోకూడదు. రెండు తడి దూది పుల్లలతో మెల్లగా దొర్లించినట్లు బయటికి తెచ్చి గుడ్డ మీద పరచండి. బయట ఉన్నంతసేపూ దాని మీద వెచ్చని సెలైన్ చుక్కలు వేస్తూ ఉండాలి. పేగు మెరుపు తగ్గిందంటే ఎండుతున్నట్లే, ఎండిన పేగు తరువాత పక్క పేగులకు అతుక్కుంటుంది.

గోడలోకి ఇంజెక్షన్

ఇక్కడ తొందరపడవద్దు. సీకం గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. మీరు సూది పెట్టవలసింది బయటి పొరకు కిందా, లోపలి శ్లేష్మపొరకు పైనా. భూతద్దంతో గానీ డిసెక్షన్ మైక్రోస్కోపుతో గానీ చూస్తూ చేయాలి. రక్తనాళాలు లేని, మలం తక్కువగా ఉన్న చోటును, కొనకు దగ్గరగా ఎంచుకోండి. లోపల మలం బిగిసి ఉంటే దూది పుల్లతో నెమ్మదిగా పక్కకు నెట్టండి. బిగుసుకున్న గోడ పలచబడి సూదికి చోటివ్వదు.

30 గేజ్ సూదిని, ఏటవాలు ముఖం పైకి ఉండేలా, గోడకు దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి ఆనించండి. మొన గోడలోకి దిగాక దాన్ని అదే పొరలో మూడు నాలుగు మిల్లీమీటర్లు ముందుకు జరపండి. పొర గుండా సూది ఉక్కు మెరుపు మసకగా కనిపిస్తూ ఉండాలి. అది కనిపించకుండా పోయిందంటే లోతుకు దిగిపోయారు. ఇప్పుడు పిస్టన్‌ను చాలా నెమ్మదిగా, 20 మైక్రోలీటర్లకు అర నిమిషం పట్టేలా నొక్కండి. సరైన పొరలో ఉంటే వేలికి కొద్దిపాటి ఎదురు ఒత్తిడి తెలుస్తుంది, కళ్ళ ముందు పెసరగింజంత పాలిపోయిన పొక్కు లేస్తుంది, దాని మీది సన్నని రక్తనాళాలు ఒక్క క్షణం తెల్లబడతాయి. ఎదురు ఒత్తిడి లేకుండా ద్రవం జారిపోయి పొక్కు లేవలేదంటే అది సంచి లోపలికి పోయింది. అలాంటప్పుడు రెండోసారి పొడవకండి. ఆ విషయం రికార్డులో రాసి, ఆ ఎలుకను ఏం చేయాలో ముందే రాసుకున్న నియమం ప్రకారం పక్కన పెట్టండి.

ద్రవం ఎక్కాక సూదిని వెంటనే లాగకండి. మేట్రిజెల్ గడ్డకట్టడానికి ఒక నిమిషం అలాగే ఉంచి, సూది దారి మీద దూది పుల్ల మొన ఆనించి, సూదిని తిప్పుతూ మెల్లగా తీసి, దూదిని మరో నిమిషం నొక్కి ఉంచండి. కొందరు ఆ రంధ్రం మీద కణజాలపు జిగురు ఒక చుక్క వేస్తారు, అదీ మంచిదే. తరువాత శుభ్రమైన స్వేదనజలంలో ముంచిన దూదితో ఆ చోటును తుడవండి. ఉప్పు లేని నీరు తగిలితే కణాలు ఉబ్బి పగిలిపోతాయి కాబట్టి కంటికి కనిపించకుండా కారినవి ఏమైనా ఉంటే అక్కడే నశిస్తాయి. ఆ దూది, ఆ గుడ్డ, ఆ చేతి తొడుగులు మళ్ళీ పొట్ట వైపు రాకూడదు. తొడుగులు మార్చి, కొత్త పరికరాలతోనే సీకాన్ని లోపలికి, అది మొదట ఉన్న తీరులోనే, మెలిక పడకుండా పెట్టాలి.

కండరాల పొరను 5-0 లేదా 6-0 కరిగే దారంతో, చర్మాన్ని విడివిడి కుట్లతో గానీ క్లిప్పులతో గానీ మూయండి. రెండు పొరలనూ కలిపి ఒకే కుట్టు వేయడం ఎంత వేగంగా ఉన్నా చేయకండి. ఎలుక పళ్ళతో ఒక్క కుట్టు తెంపిందంటే పేగు బయటికి వస్తుంది.

ఇదే పనికి మరి రెండు దారులు

ఇంజెక్షన్‌కు బదులు కణితి ముక్కను కుట్టే పద్ధతి ఉంది. దాత ఎలుక చర్మం కింద పెరిగిన కణితి అంచు నుంచి, నడుమ కుళ్ళిన భాగం రాకుండా, ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలు కోసి చల్లని ద్రవంలో ఉంచుకోవాలి. సీకం బయటి పొరను సూది మొనతో కొద్దిగా గీరి, ఆ గీతల మీద ముక్కను ఉంచి 7-0 లేదా 8-0 దారంతో కుట్టాలి. చెల్లాచెదురు కణాలు ఉండవు కనుక కారే బెడద తక్కువ, కణితి లోపలి అల్లిక కూడా చెదరదు. కాకపోతే చేయి బాగా తిరిగి ఉండాలి, సమయం రెట్టింపు పడుతుంది.

కాలేయంలో వ్యాప్తి మాత్రమే కావాలనుకుంటే ప్లీహంలోకి ఇంజెక్షన్ చేస్తారు. ఎడమ పక్కటెముకల కింద చిన్న కోత పెట్టి, ప్లీహం కొనలోకి కణాలను నెమ్మదిగా ఎక్కిస్తే అవి ప్లీహపు సిర, పోర్టల్ సిర మీదుగా కాలేయానికి చేరతాయి. కొద్ది నిమిషాలు ఆగి, రక్తనాళాలను కట్టి ప్లీహాన్ని తీసేయాలి, లేకపోతే అందులోనే పెద్ద కణితి పెరిగి ఎలుకను ముందే తీసుకుపోతుంది. రోగనిరోధక ప్రశ్నలు ఉన్నప్పుడు పూర్తి ప్లీహం పోవడం ఇబ్బంది కనుక, దాన్ని ముందే క్లిప్పులతో రెండుగా విడదీసి, ఇంజెక్షన్ చేసిన సగాన్నే తీసేసేవారూ ఉన్నారు. అయితే ఈ నమూనాలో పేగులో కణితే ఉండదు. వ్యాప్తిలో మొదటి మెట్లయిన గోడ దాటడం, రక్తంలోకి చేరడం ఇక్కడ జరగవు కనుక వాటి గురించి దీని నుంచి ఏమీ చెప్పకూడదు.

తరువాతి రోజులు

అర నుంచి ఒక మిల్లీలీటరు వెచ్చని సెలైన్‌ను చర్మం కింద ఇచ్చి, సగం వెచ్చగా, సగం మామూలుగా ఉండే పంజరంలో ఎలుకను కోలుకోనివ్వండి. తడిపిన మేతను నేల మీదే పెడితే పైకి సాగనక్కర లేకుండా తింటుంది. బ్యూప్రెనార్ఫిన్‌ను ప్రతి 8 నుంచి 12 గంటలకు, కనీసం రెండు మూడు రోజులు కొనసాగించాలి. నొప్పిలో ఉన్న ఎలుక అరవదు. కళ్ళు సగం మూసుకుంటుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది, బొచ్చు నిక్కబొడుచుకుంటుంది, గూడు కట్టుకోవడానికి వేసిన కాగితాన్ని ముట్టుకోదు. ఉదయం మీరు వేసిన కాగితం సాయంత్రానికి మెత్తని గూడుగా మారి ఉంటే కోలుకుంటున్నట్లు నమ్మవచ్చు. క్లిప్పులను 7 నుంచి 10 రోజుల మధ్య తీసేయాలి.

బరువును మొదటి వారం రోజూ, తరువాత వారానికి మూడుసార్లు తూచి రాయండి. కణాలకు వెలుగు పుట్టించే లూసిఫరేజ్ జన్యువు ఉంటే, ఆ వెలుగుకు కావలసిన లూసిఫెరిన్ కిలోకు 150 మిల్లీగ్రాములు ఇచ్చి 10 నుంచి 15 నిమిషాల తరువాత వారానికోసారి చిత్రాలు తీయవచ్చు. తొలి వారం చిత్రంలోనే వెలుగు ఒక చుక్కలా కాక పొట్టంతా పరుచుకుని కనిపిస్తే కారిందని అనుమానించాలి. బరువు 20 శాతం తగ్గినా, పొట్టలో నీరు చేరి ఉబ్బినా, పాదాలు పాలిపోయినా, మలం ఆగిపోయినా, తిండికీ నీటికీ కదలకపోయినా ప్రయోగపు తేదీ కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఎలుకకు నొప్పి లేని మరణం ఇవ్వాలి. సీటీ26 కణాలైతే ఈ దశ మూడు నాలుగు వారాల్లోనే రావచ్చు.

చివర పొట్ట తెరిచినప్పుడు ఏ ఎలుక ఏ గుంపుదో తెలియని వ్యక్తి చేత చూపించండి. ముందుగా కుట్టు గీత లోపలి వైపు, డయాఫ్రం, పేగు మడతలు చూసి, ఆ తరువాతే సీకం, దాని పక్క లింఫ్ గ్రంథులు, కాలేయం, ఊపిరితిత్తులు తీయాలి. సీకాన్ని అంచు వెంట తెరిచి, చదునుగా పరిచి, పది శాతం ఫార్మాలిన్‌లో ఒక రోజు ఉంచి, గోడకు అడ్డంగా కోతలు తీస్తే కణితి ఏ పొరలో మొదలై ఎంతవరకు చొచ్చుకుపోయిందో స్లైడ్ మీద కనిపిస్తుంది. కాలేయాన్ని పైపైన చూసి వదిలేయకుండా ప్రతి తమ్మెనూ పలుచని ముక్కలుగా కోయించండి, చిన్న మచ్చలు లోపలే ఉంటాయి. సీకం గోడలో కణితి లేకుండా పొట్ట లోపలి పొరల మీద మాత్రమే బుడిపెలున్న ఎలుకను "కారినది" అని గుర్తు పెట్టి, గుంపుల పేర్లు విప్పకముందే ఆ పట్టిక మీద తేదీ వేసి సంతకం చేయించండి.